కర్రి మూడుసార్లు అడిగింది

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసం. చెరకు కోతలు మొదలై, పొలాల్లో బెల్లం పొయ్యిలు పొగ కక్కుతున్న రోజులు.

అనగనగా అనగానే అడవి నడుమ అనుకునేరు పిల్లలూ. కాదు. అడవి అయిపోయి చెరకు తోటలు మొదలయ్యే చోట ఒక మట్టి ఇల్లు. ఆ ఇంట్లో గవరయ్య, అతని భార్య అచ్చియ్యమ్మ ఉండేవాళ్లు. ఇంటి వెనక పెరట్లో ఒక పుల్లెద్దు, ఒక చుక్కల మేక, ఒక పుంజు ఉండేవి.

పుల్లెద్దు అంటే లేత ఎరుపు ఎద్దు. ముసలిది. ఏళ్ల తరబడి నాగలి లాగిందని దాన్ని కట్టకుండా పెరట్లో వదిలేసేవాళ్లు. పెరట్లో దాని మాటే మాట. మేక ఎదురు చెప్పేది గాని, చివరికి వినేది. పుంజు ఎదురు కూడా చెప్పేది కాదు.

ఒకరోజు పొద్దున అచ్చియ్యమ్మ వంటచెరకు కోసం కొండ పక్కకి వెళ్లింది. అక్కడ రాళ్ల క్వారీ మూతపడి నాలుగు రోజులైంది. పనివాళ్లు సామాను సర్దుకుని, రేకుల షెడ్డుకి తాళం వేసి వెళ్లిపోయారు. కాపలా కుక్కని మరిచిపోయారో, వద్దనుకున్నారో తెలియదు. అది షెడ్డు గుమ్మానికి గొలుసుతో కట్టేసి ఉంది. లేవలేక పడుకుని ఉంది. అచ్చియ్యమ్మ కట్టెల మోపు అక్కడే పడేసి, గుమ్మం నుంచి గొలుసు విప్పి, గొలుసుతో సహా కుక్కని చంకనెత్తుకుని ఇంటికి వచ్చింది.

"కట్టెలకని వెళ్లి కుక్కని తెచ్చావా?" అన్నాడు గవరయ్య.

"కట్టెలు రేపు కూడా అక్కడే ఉంటాయి. ఇది ఉండదు," అంది అచ్చియ్యమ్మ.

"తెల్ల కుక్కా?"

"అదంతా రాతి పొడి. ఉండు, కడుగుతాను."

మూడు కడవల నీళ్లు పోసేసరికి కుక్క నిగనిగలాడుతూ నల్లగా తేలింది. గవరయ్య నవ్వాడు.

"తెల్లదాన్ని పట్టుకుని నల్లగా చేశావు. నీ చెయ్యి అలాంటిది."

"నా చేతిలో పడకముందు నువ్వూ తెల్లగానే ఉండేవాడివి మరి," అంది అచ్చియ్యమ్మ.

నల్లగా ఉందని ఆ కుక్కకి కర్రి అని పేరు పెట్టారు. దాని మెడ చుట్టూ వెంట్రుక ఊడిపోయి, గొలుసు ఒరిసిన పుండు ఉంది. అచ్చియ్యమ్మ పసుపు, నూనె కలిపి రాసింది.

గవరయ్య ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా ఏ జంతువు వచ్చినా మూడు రోజులు గుంజకి కట్టాలి. నాలుగో రోజు విప్పాలి. అలా చేస్తే అది ఇల్లు విడిచి పోదని వాళ్ల తాత చెప్పాడట.

"మీ తాత ఎద్దుకి చెప్పాడు, కుక్కకి కాదు," అంది అచ్చియ్యమ్మ.

"ఏదైనా ఒకటే."

"నన్ను తెచ్చినప్పుడు కట్టలేదేం?"

"కడితే ఊరుకునేదానివా?"

అచ్చియ్యమ్మ నవ్వింది. గవరయ్య కుక్క మీద కోపంతో కట్టలేదు. ఎక్కడికైనా పారిపోయి మళ్లీ ఆకలితో చస్తుందేమోనని కట్టాడు. పుండుకి తగలకుండా మెడకి పాత చీర ముక్క మెత్తగా చుట్టాడు. దాని మీదనుంచి ఆ క్వారీ గొలుసే వేసి, పెరటి గుంజకి కట్టాడు.

పెరటి జంతువులకి కూడా ఒక కట్టుబాటు ఉండేది. అది పుల్లెద్దు పెట్టింది.

"కొత్తగా వచ్చినవాళ్లతో మూడు రోజులు ఎవరూ మాట్లాడకండి," అంది పుల్లెద్దు. "సంతలో కొని నన్ను తెచ్చినప్పుడు ఎవరూ పలకరించలేదు. రెండు రోజులు అరిచాను. మూడో రోజు అలిసిపోయాను. నాలుగో రోజుకి కుదురుకున్నాను. ఏడుస్తున్నవాళ్లకి మాట అందిస్తే ఏడుపు ఇంకా పెరుగుతుంది."

"అయ్యో మావా, పాపం కదా!" అంది మేక.

"పాపమనే చెప్తున్నాను. దాని మంచికే."

ఎద్దు నిజంగా అలాగే అనుకుంది. అందులో దాని చెడ్డతనం ఏమీ లేదు.

మొదటి రోజు కర్రి తల నేలకి ఆనించి, కళ్లు మాత్రం పైకెత్తి అడిగింది.

"తాతా, ఇక్కడ కొడతారా?"

ఎద్దు గడ్డి నమిలింది. మేక నోరు తెరిచింది. ఎద్దు తోక ఒక్కసారి ఝాడించేసరికి మేక నోరు మూసుకుంది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ రోజంతా అచ్చియ్యమ్మ చెయ్యెత్తి తలగోక్కున్నా కర్రి ముడుచుకుపోయేది.

రెండో రోజు అచ్చియ్యమ్మ చట్టి నిండా అంబలి పోసి కర్రి ముందు పెట్టింది. కర్రి వాసన చూసింది. వెనక్కి జరిగింది.

"అక్కా, ఇది నాకేనా? తాగితే ఎవరైనా మీద పడతారా?" అని మేకని అడిగింది.

మేక ఎద్దు వైపు తిరిగింది. "మావా, ఒక్క మాట చెప్పనీ. 'నీకే, తాగు' అంటాను, అంతే."

"రేపటితో అయిపోతుంది. ఇంతదాకా ఓర్చి ఇప్పుడు పాడుచేయకు," అంది ఎద్దు.

ఎండెక్కేసరికి అంబలి పులిసింది. కర్రి ముట్టలేదు. సాయంత్రం కాకులు తాగేశాయి.

మూడో రోజు గవరయ్య తోటలో చెరకు కోత. తెల్లవారగానే మొగుడూ పెళ్లాలిద్దరూ కత్తులు, చద్ది మూట పట్టుకుని బయలుదేరారు. అచ్చియ్యమ్మ వెళ్తూ కర్రి తల నిమిరింది. తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది.

తాళం పడిన చప్పుడు వినగానే కర్రి లేచి నిలబడింది. చెవులు వెనక్కి పోయాయి.

"తాళం వేసి వెళ్లారు," అంది. "అక్కడ కూడా ఇలాగే తాళం వేసి వెళ్లారు. తాతా, వీళ్లు మళ్లీ వస్తారా?"

ఎద్దు మాట్లాడలేదు.

"అక్కా, వస్తారా?"

మేక ఎద్దు వైపు చూసింది. ఎద్దు కళ్లు మూసుకుని నెమరేస్తోంది.

"ఎవరైనా చెప్పండి. వస్తారా, రారా?"

పిల్లలూ, "సాయంత్రానికి వస్తారు" అంటే సరిపోయేది. రెండే మాటలు. ఎవరూ అనలేదు.

కర్రి గొలుసు లాగింది. రాలేదు. గుంజ చుట్టూ పరుగెత్తింది. ఒక చుట్టు తిరిగింది. రెండు చుట్లు తిరిగింది. తిరిగిన కొద్దీ గొలుసు గుంజకి చుట్టుకుని పొట్టిదైపోయింది. చీర ముక్క జారిపోయింది. ఐదో చుట్టుకి దాని చెంప గుంజకి ఆనుకుంది. గొలుసు పుండులో దిగింది. నాలుక బయటికి వచ్చింది. అయినా అది లాగుతూనే ఉంది.

మేక పరుగెత్తి వచ్చి గొలుసు కొరికింది. ఇనుము మేక పళ్లకి లొంగుతుందా? పుంజు ఇంటి కప్పు ఎక్కి గొంతు చించుకుని కూసింది. చెరకు గానుగ మోతలో అది తోటలో ఎవరికీ వినపడలేదు.

మేక ఎద్దు ముందుకొచ్చి నిలబడింది.

"మావా! నువ్వు సంతనుంచి వచ్చావు. నిన్ను కొనేవాళ్లు కొన్నారు, అమ్మేవాళ్లు అమ్మారు. నిన్ను వదిలేసి ఎవరూ పోలేదు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

పుల్లెద్దు నెమరేయడం ఆపింది. కర్రి కళ్లు తేలేస్తున్నాయి. ఎద్దుకి ఇన్నేళ్లుగా తను పట్టుకు కూర్చున్న మాట వదలాలంటే కష్టమే. అయినా వదిలింది. గబగబా కర్రి దగ్గరికి వెళ్లి దాని చెవి పక్కన మూతి పెట్టింది.

"వస్తారు తల్లీ," అంది. "సాయంత్రానికి వస్తారు. రోజూ వెళ్తారు, రోజూ వస్తారు. పదిహేనేళ్లుగా చూస్తున్నాను, ఒక్క సాయంత్రం తప్పలేదు. లాగకు. నిలబడు."

కర్రి నిలబడింది. లాగడం మానింది. గొలుసు అంతకంటే బిగుసుకోలేదు. కాని వదులూ కాలేదు. ఊపిరి పిల్లి కూతలా సన్నగా వస్తోంది. సాయంత్రం దాకా ఆగే ఊపిరి కాదది.

గుంజ చింతకర్రది. మోకాలి లోతు పాతింది. ఎద్దు రెండడుగులు వెనక్కి వేసి తల వంచింది.

"మావా, నీ వయసేమిటి, ఆ పనేమిటి!" అని మేక అరిచింది.

ఎద్దు ఒకసారి గుద్దింది. గుంజ కదల్లేదు. రెండోసారి గుద్దింది. గుంజ మొదలు దగ్గర మట్టి నెర్రె విచ్చింది. మూడోసారి ఎడమ కొమ్ముని గుంజకి అడ్డంగా వేసి, ముందుకాళ్లు నేలలో తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. రెండు చప్పుళ్లు ఒకేసారి వినిపించాయి. గుంజ విరిగి పడింది. చుట్లు దాని కొసనుంచి జారిపోయాయి. కర్రి నేలమీద పడి, దగ్గి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఎద్దు ముఖం ఒక పక్కంతా నెత్తురు.

గుంజ పడటం పడటం పెరటి తడిక మీద పడింది. తడిక ఒరిగి దారి తెరుచుకుంది. అవతల అడవి కనపడుతోంది.

"చెల్లీ, దారి ఉంది," అంది మేక. "మేం నీతో మాట్లాడలేదు. వెళ్లిపోతానంటే నేను తప్పు పట్టను."

కర్రి అడవి వైపు చూసింది. ఎద్దు వైపు చూసింది.

"సాయంత్రం దాకా చూస్తాను," అంది. వచ్చి ఎద్దు పక్కన కూర్చుని, దాని ముఖం మీది నెత్తురు నాకడం మొదలుపెట్టింది.

దీపాలవేళకి గవరయ్య, అచ్చియ్యమ్మ వచ్చారు. పడిన గుంజ చూశారు. దాని మీద గొలుసు ఒరిసిన గీతలు చూశారు. ఎద్దుని చూశారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

కర్రి లేచి నిలబడింది. తోక ఒకసారి కదిపి ఆపింది. అచ్చియ్యమ్మ కూలబడి చేతులు చాపింది. కర్రి మెల్లగా వచ్చి ఆ చేతుల్లో తల పెట్టింది.

గవరయ్య కుక్క మెడలో గొలుసు విప్పాడు.

"మూడు రోజులు ఇంకా నిండలేదు," అన్నాడు మెల్లగా.

"తడిక పడిపోయి ఉంది. అది ఇక్కడే ఉంది," అంది అచ్చియ్యమ్మ. "ఇంకేం కావాలి నీకు?"

గవరయ్య గొలుసు తీసుకెళ్లి పాడుబావిలో పడేశాడు. వచ్చి ఎద్దు గాయానికి పసుపు అద్ది గుడ్డ కట్టాడు. అచ్చియ్యమ్మ చట్టిలో అంబలి పోసింది. కర్రి మళ్లీ వెనక్కి జరిగింది.

"నీకే, తాగు," అన్నాయి ఎద్దూ, మేకా, పుంజూ ఒక్కసారే.

కర్రి చట్టి అడుగు దాకా నాకింది. ఆ ఇంట్లో అది పదకొండేళ్లు బతికింది.

పుల్లెద్దు ఎడమ కొమ్ము మొదటికంటా విరిగింది. మళ్లీ మొలవలేదు.

నీతి: దెబ్బతిని నీ ఇంటికి వచ్చినవాళ్లని నీ అలవాటుతో కొలవకు, ముందు వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పు.