పళ్ళేనికి పేరుకున్న నవాసాగరం

అనగనగా ఒక ఊళ్ళో, కంచరి వీధి మొదట్లో, మీరాబీ, మస్తాన్‌వలీ అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు తల్లీ. రాగి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు. ఆవిడ నిప్పులు రగిలేలా తిత్తి ఊదేది, ఆయన తగరం పూసేవాడు. ఇద్దరికీ కోపం ముక్కుమీదే.

ఒకరోజు పెద్ద రాగి గుండిగ వచ్చింది. మర్నాడు వీధి పిల్లలందరికీ అందులోనే పులుసు కాయాలి. కళాయి లేకపోతే పులుసులోకి చిలుము దిగదూ? పిల్లల కడుపులు పాడైపోవూ? పొద్దుగుంకేలోగా పూత పడాల్సిందే.

తగరం అంటుకోవాలంటే నవాసాగరం చల్లాలి. అదొక తెల్లటి ఉప్పు. ఉన్న కాస్తా వానకి చెమ్మగిల్లింది. ఆరబెడదామని మీరాబీ దాన్ని మూకుట్లో పోసి సన్న నిప్పుల మీద పెట్టింది. పైన ఇత్తడి పళ్ళెం మూసి, ఎగిరిపోకుండా నీళ్ళచెంబు పెట్టింది.

ఆ తర్వాత మాటా మాటా పెరిగింది.

"నీతో మాట్లాడితే ఒట్టు!" అన్నాడాయన.

"నాకూ ఒట్టే!" అని ఆవిడ కోపంకొద్దీ తిత్తి ఊదింది. మూకుడు ఆయన దింపుతాడని ఆవిడ, ఆవిడ దింపుతుందని ఆయన. అడుగుదామంటే ఒట్టాయె!

తీరా పళ్ళెం కాస్త ఓరగా జరిపి చూస్తే మూకుడు ఖాళీ. నవాసాగరం లేకుండానే పూత పడుతుందేమోనని చూసింది మీరాబీ. బూడిదతో రుద్దింది, తగరం ఉండకట్టి జారిపోయింది. కూరల ఉప్పు చల్లింది, చిటపటలాడి ఊరుకుంది. ఇక కొలిమి ఆర్పేద్దామని, కళ్ళనీళ్ళతో చెంబు తీసి, గుడ్డతో పళ్ళెం ఎత్తింది.

పళ్ళెం అడుగున వెన్నెల గడ్డకట్టినట్టు తెల్లగా నవాసాగరం!

ఎలాగంటావా? ఆ ఉప్పులో రెండు ఆవిర్లుంటాయమ్మా. ఒకటి అమ్మోనియా, పశువులపాకలో కళ్ళు మండించే ఘాటు. రెండోది ఆమ్లం ఆవిరి, గొంతు పట్టేస్తుంది. విడివిడిగా దేన్నీ భరించలేం. కలిశాయా, బుద్ధిగా ఉప్పై కూర్చుంటాయి. బాగా కాలితే విడిపోయి పైకి లేస్తాయి. నీళ్ళచెంబు కింది పళ్ళెంలా చల్లటి చోటు తగిలిందా, మళ్ళీ ఒకటైపోతాయి.

మీరాబీ ఒట్టు తీసి గట్టున పెట్టింది. "ఏవయ్యా, ఇటు చూడు! ఎక్కడికీ పోలేదు!"

ఆయన గబగబా గీకి చల్లాడు. ఆవిడ తిత్తి ఊదింది. తెల్లటి పొగ లేచింది, గుండిగ లోపలంతా వెండిలా మెరిసింది.

"మన మధ్య కూడా ఓ నీళ్ళచెంబు ఉండాలే," అన్నాడు మస్తాన్‌వలీ.

"నీ నెత్తినే పెడతా, పద!" అని నవ్వేసింది మీరాబీ.

పొగ పళ్ళేనికి, పూత గుండిగకి,
కథ కంచికి, మనం నిద్దరకి.