నక్క కొట్టులో ఉడుత ముంత

తంగేడు పొదల పక్కన నక్క బావ కొట్టు పెట్టినప్పటి నుంచి ఆ అడవిలో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. ఎవరిని చూసినా వేళ్లు మడుస్తూ లెక్కలే. కొట్టులో ఉప్పు, బెల్లం, కుంకుడుకాయలు దొరుకుతాయి. డబ్బక్కర్లేదు, వేరుశెనగకాయలు ఇస్తే చాలు. నాలుగు దోసిళ్లు ఇచ్చి సరుకు కొంటే ఒక దోసెడు తిరిగి ఇస్తానన్నాడు నక్క. పట్నంలో దీన్ని క్యాష్‌బ్యాక్ అంటారని గొప్పగా చెప్పాడు కూడా.

అయితే ఆ తిరుగు కాయలు చేతికివ్వడు. ఎవరి పేరున వాళ్లకి ఒక ముంత పెట్టి అందులో వేస్తాడు. ముంత నిండితేనే ఇంటికి పట్టుకెళ్లాలి. నిండకముందే తొలి ఉరుము ఉరిమితే అది కొట్టుదే.

ఉడుత మంగతాయికి ఆ ముంత గుండెల మీద కుంపటైంది. తొర్రలో నలుగురు పసికూనలు. వానలు పట్టుకుంటే నెల్లాళ్లు కాలు బయట పెట్టే వీలుండదు, దాచుకున్న కాయలే ఆ పిల్లలకు తిండి. ముంత నిండితే ఆ తిండి కాస్త పెరుగుతుందని ఆశపడింది. మొదట ఉప్పు కొంది, అది కావలసిందే. తర్వాత బెల్లం కొంది. ముంత సగమయ్యాక కుంకుడుకాయలు మొదలుపెట్టింది. ఉడుతకు తలంటు ఏమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరూ కొంటున్నారు.

ఓ సాయంత్రం పడమట మబ్బు లేచింది. మంగతాయి కొమ్మ మీద నిలవలేక తిరుగుతుంటే పై కొమ్మన ఉన్న కాకి వదిన సంగతేమిటని అడిగింది.

"ఇంకాస్త కొంటే ముంత నిండుతుంది వదినా. ఈలోపు ఉరుముతుందేమోనని భయంగా ఉంది."

"నిండితే ఎంతొస్తుంది?"

"ముంతెడు."

"దానికోసం ఎంత ఇచ్చావు?"

ఉడుత వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది. వచ్చేది ఎన్నిసార్లు లెక్కేసుకుందో గాని, పోయేది ఒక్కసారీ వేయలేదు. తొర్రలోకి పరుగెత్తింది. ఎటు చూసినా కుంకుడుకాయలే. వేరుశెనగకాయలు అడుగున కాసిని మిగిలాయి, వారానికి కూడా రావు. నా చేతులతో నేనే పిల్లల నోటి దగ్గర కూడు తీసేశానని కుమిలిపోయింది.

తెల్లారేసరికి కాకి కబురు తెచ్చింది. ముంతలు నింపుకునే హడావిడిలో అందరూ కలిసి కొట్టు ఊడ్చేశారట. నక్క దగ్గర అమ్మడానికి సరుకు లేదు, పట్నం వెళ్లి తెచ్చేలోపు ఉరుము రావచ్చు. మంగతాయి కళ్లు తుడుచుకుంది. కుంకుడుకాయలన్నీ చెట్టు కిందికి దించి నక్కకు కబురంపింది.

నక్క వచ్చాడు. తాను అమ్మిన ధరకు మంగతాయి రెండింతలు అడిగేసరికి విసుక్కుని వెనక్కి తిరగబోయాడు.

"నాలుగు దోసిళ్లకు ఒక దోసెడు తిరిగి ఇస్తాను బావా. ముంతలో వేయను. ఇప్పుడే నీ చేతిలో పెడతాను."

నక్క ఆగిపోయాడు. "మొత్తం కొంటే?"

"మొత్తానికీ ఇస్తాను."

ఇక రెండింతల ధర మాటే మరిచాడు. పరుగున వెళ్లి కాయలు మోసుకొచ్చాడు. చాలకపోతే, ఉరిమితే ఎలాగూ తనవే గదా అని అందరి ముంతలూ గుమ్మరించి తెచ్చాడు. వాడు పోస్తున్నంతసేపూ మంగతాయి మబ్బు వైపే చూస్తూ ఉంది. ఇప్పుడే ఉరిమితే బేరం పోతుంది, పిల్లలు పస్తులుంటారు. నక్క తన తిరుగు కాయలు గంపకెత్తుకుని, కుంకుడు మూటలు ఈడ్చుకుంటూ సంబరంగా వెళ్లాడు.

కొట్టు ముందు ముంతలు నింపుకోవాలని కుందేళ్లూ జింకలూ బారులు తీరి ఉన్నాయి. నక్క మూట ముడి విప్పుతుండగా ఆకాశం ఉరిమింది.

ముందున్న కుందేలు అంది: "ఇక ముంతలు లేవు గదా. కుంకుడుకాయలు మాకెందుకు బావా?"

ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు.

వాన నెల్లాళ్లు కురిసింది. తనకొచ్చిన కాయల్లో పొరుగువాళ్లవీ ఉన్నాయని మంగతాయికి తెలుసు, అందుకని అడిగినవాళ్లందరికీ పంచింది. తొర్రలో పిల్లలు పొట్టు విసురుకుని ఆడుకున్నారు. నక్క మాత్రం తిరుగు కాయలు అయిపోయాక ఆకలికి తట్టుకోలేక కుంకుడుకాయ కొరికాడు. మూతి నిండా నురగతో కొట్టు గుమ్మంలో కూర్చున్నాడు.

నీతి: తిరిగొచ్చే దోసెడు మీదే కన్నుంటే, పోయే గంప కనబడదు.