నూకాలు విప్పని ముడి

అనగా అనగా, కొండగెడ్డకు ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఆ గెడ్డ ఒడ్డున నూకాలు అనే ఆవిడ ఉండేది. ఊరందరి బట్టలూ ఆమే ఉతికేది. ఏ చీర ఎవరిదో గుర్తు చూడకుండానే చెప్పేది. అంత జ్ఞాపకం ఉన్న మనిషి ఒక్క సంగతి మరిచిపోయింది. ఈ కథంతా ఆ మరుపు గురించే.

నూకాలుకు చిన్ననాటి నేస్తం పైడమ్మ. ఇద్దరూ కలిసి ఈదారు, కలిసి ఈతపళ్లు ఏరుకున్నారు. పదిమందిలో చెప్పలేని మాట ఉంటే కొంగు చివర ముడి వేసేవారు. అది చూసిన రెండో పిల్ల ఏ పొద చాటుకో లాక్కెళ్లి, "ఏటే, సెప్పు" అనాలి. మాట విన్నాకే ముడి విప్పాలి. అది వాళ్ల ఆట. వాళ్ల ఒట్టు కూడా.

పెళ్లిళ్లయ్యాయి. పైడమ్మ అదే ఊళ్లో పెద్దింటి కోడలైంది. ఇంక ముచ్చట్లెక్కడివి? మాసిన మూట పెరటిగోడ మీంచి బయటికొచ్చేది, ఉతికిన మూట గోడ మీంచే లోపలికెళ్లేది. గోడకు అటుపక్క అత్త. ఆవిడ దగ్గితే చాలు, పైడమ్మ చీర చెంగు కూడా కనిపించేది కాదు. నూకాలు కాసేపు గోడనే చూసి, మూట నెత్తిన పెట్టుకుని రేవుకు పోయేది.

ఒక నెల పైడమ్మ ముట్టుగుడ్డ కొసన ముడి ఉంది. ఆ రోజు మూటలు ఎక్కువ. బట్టలు ఉబ్బలో ఉడికే బాన కింద మంట ఆరిపోతోంది. నూకాలు విప్పింది, దులిపింది, ఉబ్బలో వేసింది.

రెండో నెల మళ్లీ ముడి ఉంది. ముట్టు రోజులు దాటాక వచ్చిన గుడ్డ అది, అయినా రక్తపు మరకలున్నాయి. నూకాలు మరకలు చూసింది, సవుడు మన్ను ఇంకాస్త పట్టించాలనుకుంది. విప్పింది, దులిపింది, ఉబ్బలో వేసింది.

మూడో నెల ముడిని పళ్లతో లాగి బిగించినట్టుంది. "ఇదేటి ముడర్రా, రావట్లేదు!" అని విసుక్కుంది. విసుక్కుంటూనే విప్పింది, దులిపింది, ఉబ్బలో వేసింది.

నాలుగో నెల గుడ్డ రాలేదు. పైడమ్మ మంచం పట్టిందని కబురొచ్చింది. నూకాలు గోడ దూకి లోపలికి పోయింది.

"పైడీ, నాకైనా సెప్పకపోయావేటే!"

పైడమ్మ నీరసంగా నవ్వింది. "మూడుసార్లు సెప్పాను గదే."

అప్పటికి గానీ నూకాలుకు ఆ పొదలు, ఆ ఈతపళ్లు, ఆ ఒట్టు గుర్తు రాలేదు.

కొండ దిగువనుండే మంత్రసాని ఎర్రమ్మ వచ్చి చూసింది. బయటికొచ్చి నూకాలుతో నెమ్మదిగా చెప్పింది. "యోనిలో గడ్డ. మొదట కందిగింజంత ఉండుంటది. గట్టిగా, కదలకుండా. పుండై మానలేదు. మునుపే సూపిస్తే బతికేదా అంటే ఒట్టేసి సెప్పలేను. ఏదో దారి ఎతికేవోళ్లం."

పైడమ్మ పోయింది. నూకాలు బట్టలుతుకుతూనే ఉంది. కానీ పొద్దున్నే రేవుకు రాగానే తన కొంగుకు తనే ముడి వేసుకునేది. పైడమ్మ గొంతు ఒక్కసారి వినాలని ఎంత ఆశగా ఉండేదో! ఏళ్లు గడిచినా ఆ ఆశ చావలేదు. "ఏటే, సెప్పు" అని నీళ్లనడిగేది. నీళ్లేం చెబుతాయి, పారుకుంటూ పోయేవి.

పైడమ్మ కూతురు బంగారి పెళ్లీడుకొచ్చింది. ఒక నెల ఆ పిల్ల గుడ్డకు ముడి ఉంది.

నూకాలు దాన్ని గుప్పిట పట్టుకుంది. విప్పలేదు, దులపలేదు, ఉబ్బలో వేయలేదు. ఊరి బట్టలన్నీ బండ మీదే వదిలేసి, ఆ ఒక్క గుడ్డతో, తడికాళ్లతో ఆ ఇంటి వీధి గుమ్మంలోంచే లోపలికి నడిచింది.

"ఉతక్కుండా తెచ్చావేటే? లోపలికొచ్చేస్తన్నావేటి?" అని లేచింది బంగారి నాయనమ్మ. అదే అత్త, అదే దగ్గు.

"అమ్మా, మూడు ముళ్లు నా సేత్తోనే ఇప్పేసి మీ కోడల్ని పోగొట్టుకున్నాను. నాలుగోది ఇనకుండా ఇప్పను."

ముసలావిడ ఆ గుడ్డ కొసన ముడి చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది.

నూకాలు బంగారి పక్కన కూర్చుంది. "ఏటే, సెప్పు."

"నోరు రాకపోతే ముడేసి నీకు పంపమంది అమ్మ," అంటూ పిల్ల ఏడ్చింది. "కిందన గడ్డొచ్చింది పిన్నీ. పెళ్లి కావాల్సినదాన్ని, ఎవరికి సెప్పుకోను?"

అచ్చం పైడమ్మ గొంతు. నూకాలు పిల్ల కళ్లు తుడిచింది. ఆ పూటే పిల్లను చెయ్యి పట్టుకుని ఎర్రమ్మ దగ్గరికి నడిపించుకుపోయింది.

ఎర్రమ్మ వెలుతురులో చూసింది, మెత్తగా తాకి చూసింది. "యోని పక్కన నీటిబుడగే ఇది. శానామందికొస్తది. తప్పు సేస్తే వచ్చేది కాదు, సిగ్గుపడకు. గోరెచ్చని నీళ్లలో కూకో. పిండకు, గిల్లకు. వాచి నొప్పెట్టినా, జొరమొచ్చినా, పెరిగినా, ముట్టు కాని రోజుల్లో రక్తం కనబడినా ఆ రోజే రా. ఏదీ లేకపోయినా పదిహేను రోజులకొచ్చి సూపించు. నా సేతిలో లేనిదైతే పట్నం వైద్యుల కాడికి నేనే తీసుకుపోతాను."

పదిహేను రోజులకు బుడగ తగ్గింది. బంగారి నవ్వింది. నూకాలు మాత్రం రేవులో కూర్చుని గట్టిగా ఏడ్చింది. "ఇంతే గదే పైడీ, ఒక్క మాట అడగడమే గదే," అంది.

నూకాలు పండుముసలయ్యాక కన్నుమూసింది. పోయిన రోజు ఆమె కొంగుకు ముడి ఉంది. స్నానం చేయించిన ఆడవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. అది పైడమ్మ విప్పాల్సిన ముడి అన్నారు.

ఇప్పుడా ఊళ్లో ఎవరి బట్టలు వాళ్లింట్లోనే ఉతుక్కుంటున్నారు. గోడలూ పడిపోయాయి. అయినా ఆడపిల్ల పెద్దమనిషి కాగానే మొదట ముడి వేయడం నేర్పుతారు. నోటితో చెప్పలేనిదుంటే కొంగుకో, తువ్వాలుకో ముడి వేసి అమ్మ చేతికో అత్త చేతికో ఇవ్వాలి. అందుకున్నావిడ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే అన్నీ వదిలేసి పక్కన కూర్చుంటుంది. విన్నాక తనే ఆసుపత్రికి తీసుకెళుతుంది. వినకముందు ముడి మాత్రం విప్పదు. పొంగిన పాలు పొంగనీ అని, ముందు నూకాలు మాటే అంటుంది.

"ఏటే, సెప్పు."