బొంతయ్యా, మిగిలిపోయే గీతా

అనగనగా ఒక అడవి, ఆ అడవిని చీల్చుకుంటూ ఒక వాగు. వానాకాలంలో ఆ వాగు పొగరు చూడాలి, చెట్లను కూడా పీక్కుపోయేది. ఎండలు ముదిరేసరికి ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. అప్పుడు జంతువులన్నీ కలిసి ఆ ఇసుకలో ఒక చెలమ తవ్వుకునేవి. చెలమ అంటే చిన్న గుంట. అడుగు నుంచి నీళ్ళు మెల్లమెల్లగా ఊరతాయి. ఒకరు తాగితే, మళ్ళీ ఊరేదాకా రెండోవారు ఆగాలి. అందుకని అందరూ వరసలో కూర్చునేవారు.

వరసలో ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది? పక్కవాడి మీద చాడీలు తోస్తాయి. చాడీలు ముదిరితే కొట్లాటలు. అలాంటి కొట్లాటలో ఒకసారి అడవిపందికి సగం చెవి పోయింది.

అది చూసి పిచ్చమ్మ అనే ముసలి ముళ్ళపంది ఒక ఆట పెట్టింది. వీపు మీది ముల్లు ఒకటి ఊడదీసి, తడి ఇసుకలో ఏదో ఒక బొమ్మ గీసేది. ముల్లు పైకెత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా ఆ బొమ్మను గీయాలి. అదే ఆట. ఇక చాడీలు ఆగిపోయాయి. దుప్పులూ కుందేళ్ళూ కూడా తలలు వంచి ఇసుకలోకి చూస్తూ కూర్చునేవి.

అందరికన్నా ఆ ఆట పిచ్చి ఎక్కువగా పట్టింది బొంతయ్యకు. బొంతయ్య ఎలుగుబంటి. పాత బొంతలా ఒళ్ళంతా జూలు, అందుకే ఆ పేరు. పాపం, అతను పంజాతో గీస్తే ఒక గీతకు అయిదు గీతలు పడేవి. అందుకని ముల్లును పళ్ళతో పట్టుకుని, మూతి ఇసుకకు ఆనించి, వెనక భాగం ఆకాశానికి ఎత్తి గీసేవాడు. వెనక కూర్చున్నవారికి బొమ్మ కనిపించేది కాదు గాని, చూడటానికి మరొకటి ఉండేది.

అలాగే అతను చేపను గీశాడు. అయిదు మూలల చుక్కను గీశాడు. రెండు బొమ్మలు వచ్చేసరికి, గీతలన్నీ తన చుట్టాలే అనుకున్నాడు.

ఒకనాడు పిచ్చమ్మ ఒక నాలుగు పలకల గడి గీసింది. దాని లోపల ఈ మూల నుంచి ఆ మూలకు ఒక అడ్డగీత, మిగిలిన రెండు మూలలనూ కలుపుతూ ఇంకో అడ్డగీత వేసింది. కుందేలు ప్రయత్నించింది, రాలేదు. దుప్పి ప్రయత్నించింది, రాలేదు. పిచ్చమ్మ నవ్వుతూ, ఇది రాని బొమ్మ అని, అసలు పొడుపు వేరే ఉందని చెప్పబోయింది.

బొంతయ్య ఆమె మాట పూర్తి కానివ్వలేదు.

"రాని బొమ్మ అంటూ ఉంటుందా అత్తా? గీసేవాడికి రాకపోవాలి గాని."

"ముందు నా మాట విను అల్లుడూ."

వినలేదు. నేరుగా వెళ్ళి చెలమలో చెయ్యి పెట్టాడు. ఆ బొమ్మను ఎత్తకుండా గీసేదాకా ఇప్పపువ్వు నోట పెట్టనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

అక్కడున్న జంతువులన్నీ నోళ్ళు తెరిచాయి. ఎలుగుబంటికి ఇప్పపువ్వంటే ప్రాణం. ఆ పూలు ఏడాదికి కొన్నాళ్ళే రాలతాయి, అవి తిని ఒళ్ళు చేస్తేనే మిగతా ఎండాకాలం నెట్టుకురావడం. పైగా చెలమ నీళ్ళు ముట్టుకుని వేసిన ఒట్టు తప్పితే, వానలు పడేదాకా వరసలో అందరికన్నా చివర కూర్చోవాలి. అది ఆ అడవి కట్టుబాటు.

ఆ రోజంతా బొంతయ్య గీశాడు. ముక్కులోకి ఇసుక పోయింది, తుమ్మాడు, బొమ్మ చెరిగిపోయింది, మళ్ళీ గీశాడు. ఎలా గీసినా చివరకు ఒక గీత మిగిలిపోయేది. చెట్టు మీద లింగడనే కొండముచ్చు ఉండేవాడు. వరసకు బొంతయ్యకు బామ్మర్ది. వాడు తోక ఊపుకుంటూ పైనుంచి ఒకే మాట చెప్పేవాడు.

"ఒక గీత మిగిలింది బావా."

మర్నాడు బొంతయ్య తప్పు ఎక్కడుందో కనిపెట్టాడు. తప్పు తనది కాదు, మూలది. మొదలుపెట్టిన మూల మంచిది కాదట. ఈశాన్యం నుంచి మొదలుపెట్టాడు. ఒక గీత మిగిలింది. నైరుతి నుంచి మొదలుపెట్టాడు. ఒక గీత మిగిలింది. మూలలన్నీ అయిపోయాక, అసలు మూలలే వద్దని నడిమధ్య నుంచి మొదలుపెట్టాడు. ఈసారి రెండు మిగిలాయి.

"గీతల పెంపకం బాగుంది బావా, పిల్లలు కూడా పెడుతున్నాయి" అన్నాడు లింగడు.

పిచ్చమ్మ దగ్గరకు వచ్చి, ఎందుకు రాదో చెబుతాను కాస్త కూర్చోమంది. బొంతయ్య రెండు చెవులూ మూసుకుని, ఆమె పెదవులు ఆగేదాకా చూసి, అప్పుడు చేతులు తీశాడు.

ఇంటికి వెళితే పెళ్ళాం కోటమ్మ. తెల్లవారుజామునే ఏరి తెచ్చిన ఇప్పపూలు ముందు పోసుకుని, ఒక్కొక్కటే చప్పరిస్తూ తినేది. అడవంతా ఆ వాసనే.

"ఏమయ్యా, ఇవాళ పూలు ఇంకా తియ్యగా ఉన్నాయి. నువ్వెలాగూ తినవు గదా, చెబుదామని చెబుతున్నా" అనేది.

బొంతయ్య చెదపురుగులు నాక్కుని పడుకునేవాడు. జూలు కింద డొక్కలు తేలాయి. చెట్టు మీద పూలు పలచబడ్డాయి.

ఇక మూడో ఉపాయం తట్టింది. బొమ్మ మరీ చిన్నది, గీతలకు చోటు చాలక ఒకటి బయట పడిపోతోంది, పెద్దది చేస్తే అన్నీ పడతాయి. ఇలా అనుకుని వాగు ఇసుక మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పెద్ద గడి గీశాడు, లోపల అడ్డగీతలు వేశాడు. ఇక ముల్లు పారేసి, ఆ గీతల వెంట తానే కాళ్ళీడ్చుకుంటూ నడవసాగాడు. నడిచిన చోట అడుగులు పడతాయి, అడుగులు పడిన దారిలో మళ్ళీ నడవకూడదు.

జంతువులన్నీ గట్టు మీద చేరాయి. బొంతయ్య నడిచాడు, తిరిగాడు, అడ్డంగా పోయాడు, మళ్ళీ తిరిగాడు. చివరకు ఒక మూలన ఆగిపోయాడు. అవతల దూరంగా ఒక గీత, అడుగు పడకుండా, అలాగే మిగిలి ఉంది.

లింగడు నోరు తెరిచాడు. గట్టు మీదున్నవాళ్ళంతా వాడికన్నా ముందే, "ఒక గీత మిగిలింది బావా" అనేశారు.

బొంతయ్య అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవులు మూసుకోవడానికి చేతుల్లో ఓపిక లేదు. పిచ్చమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు, అడిగింది.

"అల్లుడూ, మిగిలిన గీత ఏదో అడవంతా చెబుతోంది. నీ కాలు ఎక్కడ ఆగిందో నువ్వు చూశావా?"

చూడలేదు. ఇన్నాళ్ళూ మిగిలిన గీతనే చూశాడు గాని, తాను ఆగిన చోటును ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆ మూలలో మూడు దారులు కలుస్తున్నాయి. ఒక దారిన వచ్చాడు, రెండో దారిన పోయాడు, మూడో దారిన మళ్ళీ వచ్చాడు. పోవడానికి నాలుగో దారి లేదు. ఆగక ఏం చేస్తాడు?

నడిమధ్య చూశాడు. అక్కడ దారులు నాలుగు. రావడం, పోవడం, రావడం, పోవడం. అక్కడ అతను ఎప్పుడూ చిక్కుకోలేదు. మిగతా మూలలు చూశాడు. అన్నిచోట్లా మూడేసి దారులే.

"అత్తా, మూడు దారుల మూల ఉంటే నడక అక్కడ మొదలన్నా కావాలి, అక్కడ ఆగనైనా ఆగాలి. అంతేనా?"

"చెప్పు."

"నడకకు మొదలు ఒకటే, చివర ఒకటే. ఇక్కడ అలాంటి మూలలు నాలుగున్నాయి. రెండు సరిపోయాయి. తక్కిన రెండూ ఏం కావాలి?"

పిచ్చమ్మ మొదటిరోజు అడగబోయిన పొడుపు అదే, ఎందుకు రాదో చెప్పమని. బొంతయ్య ఆకలి మరిచిపోయి పకపకా నవ్వాడు. తరవాత ఒక్కసారిగా నవ్వు ఆగిపోయింది. బొమ్మ రాదంటే ఒట్టు ఎప్పటికీ తీరదన్నమాట.

అంతలో పెద్ద గాలి లేచింది. వాగులో ఇసుక ఎగిరి అందరి కళ్ళలో పడింది. గాలి తగ్గాక చూస్తే గడి లేదు, అడుగులు లేవు. లింగడు కిందకి దిగి వచ్చి బొంతయ్య చెవిలో ఒక మాట చెప్పాడు. గాలిలో ఎవరూ చూడలేదు, గీత పూర్తి చేసేశానని చెప్పమన్నాడు. తాను సాక్ష్యం పలుకుతానన్నాడు, అందుకు కాసిని పూలు తనకు ఇస్తే చాలట.

బొంతయ్య కడుపు సరేనంది. అతను మాత్రం లేచి గట్టు వైపు తిరిగాడు.

"గీయలేకపోయాను. ఎవరూ గీయలేరు. ఎందుకు గీయలేరో చెబుతాను, వినండి."

గడి మళ్ళీ గీసి, మూల మూలకూ నడిచి చూపించాడు. కుందేలుకు ముందు అర్థమయింది, అడవిపందికి చివర అర్థమయింది. అంతా విని లింగడు, ఎన్ని చెప్పినా నువ్వు ఓడినట్టే బావా అన్నాడు.

"ఓడానురా. ఎందుకు ఓడానో చెప్పగలుగుతున్నాను. ఇన్నాళ్ళూ చెట్టెక్కి నవ్వావు, ఎందుకు నవ్వావో నువ్వు చెప్పగలవా?"

కట్టుబాటు కట్టుబాటే. బొంతయ్య వరసలో చివరకు పోయాడు. పోయేముందు చెట్టు కింద మిగిలిన ఇప్పపూలు తిన్నాడు. సగం ఎండిపోయాయి, సగానికి చీమలు పట్టాయి. చీమలతో సహా తిన్నాడు.

వరస చివరంటే ఆట ఆడుకోవడానికి అందరికన్నా ఎక్కువ పొద్దు. మర్నాడు అక్కడ కూర్చుని బొంతయ్య మళ్ళీ ఆ గడినే గీశాడు. ఈసారి పైన ఇంటికప్పులా రెండు వాలుగీతలు కలిపి, గీయమని లింగణ్ణి పిలిచాడు. వట్టి గడే రానిది, కప్పు వేస్తే బరువెక్కి ఇంకా రాదన్నాడు లింగడు. దారులు లెక్క పెట్టుకోమన్నాడు బొంతయ్య. లింగడు విసుక్కుంటూనే చూశాడు. పై మూలలకు ఇప్పుడు నాలుగేసి దారులు. కప్పు కొనకు రెండు. మూడు దారుల మూలలు కింద రెండే, ఒకటి మొదలుకు, ఒకటి చివరకు. కింది మూల నుంచి మొదలుపెట్టి, ముల్లు ఎత్తకుండా గీసుకుంటూ పోయాడు. ఒక్క గీత కూడా మిగల్లేదు.

వాడు వేసిన కేకకు వరసలో అందరూ వెనక్కి తిరిగారు. ముందు కుందేలు లేచి చివరకు వచ్చింది, తరవాత దుప్పి. అందరూ చివరే కూర్చుంటామని తోసుకున్నారు. చెలమ నిండింది, పొర్లింది. ఇప్పుడు ఎవరి వంతని అడవిపంది ఎంత అరిచినా పలికినవాడు లేడు. చివరకు దాహం వేసి అదే తాగింది.

నీతి: మిగిలిపోయిన పనినే చూస్తూ మళ్ళీ మళ్ళీ తల బాదుకునేవాడికి మొండితనమే మిగులుతుంది, ఎక్కడ ఆగిపోయాడో నిలబడి చూసుకున్నవాడికి తెలివి వస్తుంది.