బూరెల వేళ దాడి

ఏదులకోట కాపలావాళ్ళలో గవరయ్యంత పిరికివాడు లేడని కోటంతా అనేది. గవరయ్య కూడా ఆ మాట కాదనేవాడు కాదు. అసలు ఆ భయం కొద్దీనే అతను పట్టుబడిన శత్రుసైనికుడి చెర ముందు పీట వేసుకుని, వాళ్ళ దేవుడెవరు, ఆయన ఏం చెప్పాడని వీళ్ళు చావుకైనా తెగిస్తున్నారు అని రోజూ అడిగి తెలుసుకుంటున్నాడు.

ఒకనాడు కోట సేనను నడిపే దళవాయి రణభైరవుడు అది కళ్ళారా చూశాడు.

"ద్రోహీ! కాపలావాడికి కత్తి తిప్పడం తెలిస్తే చాలు. వాళ్ళ మతం తలకెక్కితే నువ్వూ వాళ్ళలో కలిసిపోతావు. వీణ్ణి కొరత వేసి చంపండి!"

గవరయ్య గబగబా చేతులు జోడించాడు.

"చిత్తం దొరా. నా బుర్ర అంత గట్టిదేం కాదు, కలిసిపోయినా పోతాను. ఒక్క సందేహం తీర్చండి. వాళ్ళు మన మీద ఎప్పుడెప్పుడు పడ్డారు?"

"ఎప్పుడూ మన పండగనాడే," అన్నాడు దళవాయి పళ్ళు కొరుకుతూ.

"పండగనాడైనా పొద్దున్నే రారు దొరా. అమ్మవారికి నైవేద్యం పెట్టి, ఆ బూరెలు మనకు పంచాక, నేను అందరికంటే ఎక్కువే మింగి బురుజు మీద గుర్రుపెట్టే వేళకు వస్తారు. ముందు మనకు ఉపవాసమనీ, నైవేద్యం అయ్యాక మనం లేవలేమనీ వాళ్ళకు తెలుసు. మన మతం నాకంటే వాళ్ళకే బాగా వచ్చు."

"అయితే ఏమంటావు?"

"ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒక్కడైనా మన మతంలో కలిశాడా దొరా? అన్ని బూరెలు చూసి కూడా!"

దళవాయి చెర ముందు ఇంకో పీట వేయమన్నాడు, తన కోసం.