పట్టుదారం చేపా, పైడి కట్టిన చట్రమూ

అనగనగా పదకొండు రాగి డబ్బులు. ఆ పదకొండు డబ్బులూ ఒక కొత్తకోడలి కొంగుముడిలో. ఆ కొత్తకోడలు ఏటి పాయ పక్కనున్న ఒక ఊళ్ళో. ఆ ఊరు ఒక రాజుగారి ఏలుబడిలో. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి. మీరు ఊ కొట్టకపోతే కథే నిద్రపోతుంది, మీరు మేలుకునుంటారు.

ఆ పిల్ల పేరు పైడి. లెక్కలంటే మహా ఇష్టం. సంతకెళ్తే వంకాయలమ్మి నోరు తెరిచేలోపు చిల్లర ఎంతో చెప్పేసేది. దాని మొగుడు సన్యాసి. పేరుకే సన్యాసి, తిండి ఇద్దరు సంసారులది. అత్త గున్నమ్మ. వాళ్ళింట్లో పని గాలం కర్రలు చెయ్యడం. రాజుగారి వెదురుపొదలో బొంగు కొట్టుకునే హక్కు ఊరు మొత్తానికి వాళ్ళొక్కళ్ళకే ఉంది. ఆ బొంగులే వాళ్ళకి కూడూ గుడ్డా.

హక్కు ఊరికే ఉంటుందా? ఏటా తొలి వానలకి ఏట్లోకి ఎర్రనీళ్ళొచ్చిన రోజున రాజుగారు మొదటి గాలం వేస్తారు. ఆ గాలానికి కర్ర వీళ్ళింటి నుంచే వెళ్ళాలి. ఆ ఏడు రాణిగారు ఒక మాట పంపించింది. కర్ర పిడి మీద చేప బొమ్మ కావాలిట. రంగు పూస్తే తడికి పోతోందిట, అందుకని పట్టుదారంతో నేసిందే కావాలిట. దారం కూడా తనే పంపింది, నాలుగు బొమ్మలకి సరిపడా. ఎర్రనీళ్ళొచ్చే వేళకి నేసి ఇవ్వకపోతే వెదురుపొద దిగువ ఊరి వాళ్ళకి రాసిచ్చేస్తారుట.

గున్నమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. చీర నేసేవాళ్ళని చూశాం గానీ కర్ర నేసేవాళ్ళని ఎక్కడ చూశామే అంది. పైడి మాత్రం కర్రని అటు తిప్పీ ఇటు తిప్పీ లెక్క కట్టింది. పిడి పొడుగునా ఇరవై నాలుగు దారాలు పరవాలి. కర్రని తిప్పుతూ అడ్డదారం చుట్టాలి. చుట్టు చుట్టుకీ ఆ ఇరవై నాలుగులో కొన్నిటిని పైకెత్తాలి, కొన్నిటిని కిందికి అణచాలి. ఎత్తిన చోట చేప పొలుసు, అణచిన చోట నీళ్ళు. అంతవరకూ బాగానే ఉంది. ఇరవై నాలుగు దారాల్నీ చిక్కుపడకుండా, వదులవకుండా పట్టుకునేదెవరు? దువ్వెనలాగా పళ్ళున్న చట్రం ఒకటి కావాలి.

చట్రం ఎందుకు దండగ, నా వేళ్ళు లేవా అన్నాడు సన్యాసి.

"ఎన్నున్నాయి మావా?"

"చేతులవి పది, కాళ్ళవి పది."

"మరి మిగతా నాలుగు దారాలు?"

"మా అమ్మవి నాలుగు అరువు తీసుకుందాం."

సరే, అదీ చూద్దామని పైడి ముందు మామూలు నూలుదారం కట్టింది. సన్యాసి తిరగబడ్డ బొద్దింకలాగా కాళ్ళూ చేతులూ పైకెత్తి పడుకున్నాడు. గున్నమ్మ పక్కన కూర్చుని నాలుగు వేళ్ళు చాచింది. అప్పుడొచ్చింది ఒక్క దోమ. ఒక్కటంటే ఒక్కటే. వచ్చి సన్యాసి ముక్కు మీద వాలింది. ఆ చిక్కు విప్పి తల్లినీ కొడుకునీ వేరు చేసేసరికి పొద్దుగూకింది. మెల్లిగా నవ్వండర్రా, తాతయ్య లేస్తారు.

మర్నాడు పైడి నాలుగు డబ్బులిచ్చి మామిడి చెక్క కొంది. చట్రం కోసింది, పళ్ళు కోసింది, రాణిగారి దారం కట్టింది. మధ్యాహ్నానికి చేప తోక దిగింది. అంతలో ముసురు పట్టింది. మామిడి చెక్క తడిగాలి తాగింది, తాగి ఉబ్బింది, ఉబ్బి దారాల్ని గుంజింది. టప్ టప్ టప్. ఒక బొమ్మ దారం పోయింది.

చెక్క ఉబ్బుతుంది, ఇనుము ఉబ్బదు కదా అని కమ్మరికి ఐదు డబ్బులిచ్చి ఇనప చట్రం చేయించింది. ఉబ్బలేదు, నిజమే. కానీ ఆ తేమకి తెల్లారేసరికి తుప్పు పట్టింది. తెల్లటి పట్టుదారం మీద ఎర్రెర్రటి మచ్చలు. పాపం ఆ చేప, పుట్టకముందే గజ్జి తెచ్చుకుంది. రెండో బొమ్మ దారమూ పోయింది.

అప్పుడు గున్నమ్మకి పౌరుషమొచ్చింది. మనం చేపల మధ్య బతికేవాళ్ళం, మామిడెందుకు, ఇనుమెందుకు, చేప ముల్లుండగా అంది. ముల్లు తుప్పు పట్టదు, ముల్లు ఉబ్బదు. పైడికీ సబబే అనిపించింది. బొచ్చె చేప ముళ్ళు ఎండబెట్టి, పాత మామిడి చట్రానికే వరసగా గుచ్చింది. చేప ముల్లు మీద చేప బొమ్మ, చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. అయితే ఇంట్లో ముగ్గురూ కాక, చూడ్డానికొచ్చిన నాలుగో ప్రాణి ఒకటుంది. ఎవరో చెప్పండి? ఆ, పిల్లి. పైడి నీళ్ళకెళ్ళి వచ్చేలోపు పిల్లి ఆ చేప ముళ్ళన్నీ నమిలేసి, పట్టుదారం మెళ్ళో వేసుకుని ఊరంతా ఊరేగింది.

మామిడి చట్రం ఉబ్బిపాయె, ఇనప చట్రం తుప్పుపట్టె, ముల్లు చట్రం పిల్లి మింగె. మీరూ అనండి. మామిడి చట్రం ఉబ్బిపాయె, ఇనప చట్రం తుప్పుపట్టె, ముల్లు చట్రం పిల్లి మింగె, మూడు బొమ్మల దారంపాయె, ఎర్రనీళ్ళు కదిలొచ్చె.

ఇక మిగిలింది ఒక్క బొమ్మ దారం, కొంగుముడిలో రెండు డబ్బులు. ఇదంతా వెదురుపొద దయ్యం పనే అంది గున్నమ్మ. అది రోజూ వచ్చి దారాలు లాగుతోందని ఊరంతా చెప్పింది. చెప్పి ఊరుకోకుండా పొద మొదట్లో పసుపన్నం పెట్టొచ్చింది. పైడికి ఆ మాట లెక్కకి అందలేదు. మబ్బు పట్టిన రోజు దారం బిగుస్తోంది, ఎండ కాసిన రోజు వదులవుతోంది. దయ్యమైతే ఎండా వానా చూసుకుని పని చేస్తుందా? అలా గొణుక్కుంటూ రాజుగారి కర్రకి బొంగు కొట్టడానికి పొదలోకెళ్ళింది.

బొంగు మీద కత్తి పడిందో లేదో, పైనుంచి సన్నటి గొంతు.

"అమ్మాయ్, మీ అత్త నన్ను అల్లరి పెడుతోంది. నేను మీ దారం ముట్టుకోలేదు. ముట్టుకోడానికి నాకు వేళ్ళేవీ?"

పైడి భయపడిందనుకున్నారా? లెక్క మధ్యలో ఉన్నవాళ్ళకి భయం కాస్త ఆలస్యంగా వస్తుంది.

"ముట్టుకోనిదానివి మా పసుపన్నం ఎందుకు తిన్నావు?"

"పెడితే తిననా."

"వేళ్ళు లేకుండా?"

"నోరుంది కదా."

అదీ నిజమే అనుకుంది పైడి. కొంగు బిగించి అక్కడే చతికిలబడింది. నువ్వు ఈ పొదలోనే ఉంటావు కదా, ముసురు పడితే ఇక్కడ ఏమవుతుందో చెప్పు అని అడిగింది. ఏమవుతుంది, బొంగులన్నీ కలిసే నానతాయి, కలిసే ఎండుతాయి, ఒకటి ఉబ్బి ఒకటి ఊరుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు అంది దయ్యం.

పైడి కత్తి కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ గట్టిదేది, గట్టిదేది అని వెతికింది. కర్రేమో వెదురు, చట్రమేమో మామిడి. మామిడికి ఉబ్బడం తొందర, వెదురుకి నిదానం. ఇద్దరి మధ్యా దారాలు నలిగి చస్తున్నాయి. కర్ర ఏ బొంగుదో చట్రమూ ఆ బొంగుదే అయితే? ఇద్దరూ ఒకేసారి పెరుగుతారు, ఒకేసారి తరుగుతారు. పెరిగిన దాంట్లోంచి పెరిగింది తీసేస్తే మిగిలేది సున్నా.

ఒకే బొంగు కొట్టింది. పైభాగం కర్రకి, మొదలు చట్రానికి. పళ్ళ సంగతేమిటని అటూ ఇటూ చూస్తుంటే దయ్యమే చెప్పింది. ఇక్కడ ఏదుపందులు ముళ్ళు రాల్చిపోతున్నాయి, పడుకుంటే గుచ్చుకుని చస్తున్నాను, అవి కాస్త ఏరుకుపో తల్లీ అంది. నున్నటి ముళ్ళు. దారాన్ని కొయ్యవు, తుప్పు పట్టవు, పిల్లి వాసన చూసి మొహం తిప్పుకుంటుంది.

ఈసారి పైడి తొందరపడలేదు. ముందు నూలుదారం కట్టి వానలో పెట్టింది. బిగియలేదు. ఎండలో పెట్టింది. వదులవలేదు. అప్పుడు తీసింది ఆఖరి పట్టుదారం. సన్యాసి కర్ర తిప్పుతుంటే పైడి ఎత్తుతోంది, అణుస్తోంది, ఎత్తుతోంది, అణుస్తోంది. తోకొచ్చింది, పొట్టొచ్చింది, మొప్పలొచ్చాయి. ఇంకా కన్ను పెట్టాలి. ఏటివైపు నుంచి డప్పులు వినపడ్డాయి, ఎర్రనీళ్ళొచ్చేశాయని. గున్నమ్మ చేతులు నలుపుకుంటోంది. కన్ను లేకపోయినా ఇచ్చెయ్యవే పైడీ అని ఒకటే గోల. కన్ను లేని చేప గాలాన్ని ఎలా చూస్తుందత్తా అని పైడి తలెత్తకుండా అంది. ఊ కొట్టండర్రా, ఇక్కడ నిద్రపోతే ఎలా?

కన్ను పడింది. కర్ర తీసుకుని ముగ్గురూ వానలో తడుస్తూ పరిగెత్తారు. రాజుగారు అప్పటికే ఒడ్డున నిలబడి ఉన్నారు. కర్ర అందుకుని గాలం వేశారు. వాన కొట్టింది, ఎండొచ్చింది, మళ్ళీ వాన కొట్టింది. పిడి మీద చేప ఒక్క పోగు కదల్లేదు. రాణిగారు వేలితో నిమిరి చూసింది. ఇంత బిగువు నేతకి ఏ వెండితో చేయించావమ్మా చట్రం అని అడిగింది. వెండి కాదమ్మగారూ, ఈ కర్రకి తోబుట్టువే అంది పైడి.

వెదురుపొద హక్కు ఆ ఇంటికే ఉంచేశారు. సన్యాసి రెండు పూటల అన్నం ఒక పూటే తిన్నాడు. గున్నమ్మ వీధి వీధీ తిరిగి, దయ్యం చాలా మంచిదని ఒప్పుకుంది. అందుకే అమ్మలూ, ఏదైనా ఎంచుకునేటప్పుడు గట్టిదా, ఖరీదైనదా అని ఒక్కటే చూడకూడదు. పక్కదానితో ఎలా కలిసుంటుందో చూసుకోవాలి.

ఆ తర్వాతా? వచ్చే ఏడు కర్ర మీద నెమలి కావాలంది రాణిగారు. నెమలికి అరవై దారాలు. ఉన్న పళ్ళు ఇరవై నాలుగు. ఇంకా ముప్ఫై ఆరు ముళ్ళు కావాలి. పైడి ఒక చేత్తో బుట్ట, ఒక చేత్తో పసుపన్నం పట్టుకుని బయల్దేరింది. అది వెదురుపొదలోకి, కథ కంచి దారిలోకి, మీరు దుప్పట్లోకి.