బొగ్గన్న గురక, గూబమ్మ పరీక్ష

కొండ దిగువన, కోత అయిన జొన్నచేలో గొర్రెల మంద దిగింది. రాత్రి కాపలా కాపరిది, పగటి కాపలా బొగ్గన్నది. బొగ్గన్నంటే మామూలు కుక్కా! దున్నంత ఒళ్ళు, పులికైనా జడవని గుండె. అలాంటివాడు ఈమధ్య ఎండెక్కితే చాలు, నిలబడ్డచోటే నిద్రకు తూగిపోతున్నాడు. ఆ కునుకుల్లోనే రెండు గొర్రెపిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయారు.

మందకు పెద్దదిక్కు, ముసలి గొర్రె పోచక్క వచ్చి నిలేసింది. "ఒరే బొగ్గా! పాలు తాగే పిల్లల్లో ఇక నా మనవరాలే మిగిలింది. అదీ పోయిందో, నిన్ను పంపించేసి వేరే కుక్కను చూసుకుంటాం."

"రాత్రంతా పడుకుంటూనే ఉన్నానత్తా! అయినా తెల్లారేసరికి తల దిమ్ము, నోరు పిడచ. పాడు బద్ధకం పట్టుకుంది."

"బద్ధకమా, నా మొహమా! నీ గురకకి మందంతా జాగారం. పైగా మధ్యలో నీకు ఊపిరాగిపోతుంది. వీడు పోయాడ్రా దేవుడా అనుకునేలోగా గింజుకుని ఎగిరిపడతావు. మద్దిచెట్టు తొర్రలో గూబమ్మ డాక్టరు నిద్ర పరీక్షలు చేస్తుందట, వెళ్ళు."

కంచె అవతల నక్క నవ్వింది. "గూబ మొహం చూడ్డమా! చావుకబురు వింటావల్లుడూ. అయినా గురకంటే గట్టినిద్ర. మగాడన్నాక గురకపెట్టడా? హాయిగా పడుకో."

ఆ మాట బొగ్గన్నకు తేనెలా దిగింది. పోచక్క మాత్రం ఊరుకోలేదు. "చావుకబురు తెచ్చేది గూబ కాదురా, నీ కునుకు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరుస్తావా? నడు!"

గూబమ్మ అతని ముక్కు ముందు సాలెపోగు వేలాడదీసి, రాత్రంతా కన్నార్పకుండా చూసింది.

"బాగా నిద్రపోయాను కదా డాక్టరమ్మా?" అన్నాడు పొద్దున్నే.

"పడుకున్నావు నాయనా, నిద్రపోలేదు. ఈ పోగు ఎన్నిసార్లు ఊగడం మానేసిందో! చూసి చూసి నా కళ్ళిలా అయ్యాయి. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరాడక లేస్తున్నావు. లేచినట్టు నీకే గుర్తుండదు. ఇది బద్ధకం కాదు, జబ్బు. నయం చేసుకోవచ్చు."

"బద్ధకస్తుణ్ణి కానా!" బొగ్గన్న కళ్ళు చెమర్చాయి.

వెల్లకిలా పడుకోవద్దంది, ఒళ్ళు తగ్గించమంది. ఎండు సొరకాయ బుర్ర మూతికి తొడిగి, కొలిమితిత్తితో మెల్లగా గాలి పంపే ఏర్పాటు చేసింది. తిత్తి నొక్కడం గబ్బిలాల వంతు. సొరకాయ మూతని చూసి గొర్రెలు విరగబడి నవ్వాయి. నవ్వితే నవ్వనీ! నాలుగు రోజుల్లో బొగ్గన్న కళ్ళు అద్దాల్లా మెరిశాయి.

ఒకటే లోటు. దొంగ రావడం మానేశాడు.

"నీ గురక వినపడితేగా వచ్చేది!" అంది పోచక్క.

"అయితే పెడతా." పెట్టాడు. పిల్లి కూన మూలిగినట్టుంది. పాపం, తన గురక తానెప్పుడు విన్నాడు గనక!

"అది కాదురా! ముందు రంపం కొయ్యాలి. తర్వాత చప్పున ఆగాలి. ఆ తర్వాత నీళ్ళలోంచి తేలినట్టు 'హుప్' అనాలి."

మిట్టమధ్యాహ్నం కళ్ళు మూసుకుని రంపం కోశాడు, ఆగాడు, హుప్పన్నాడు. కంచె మెల్లగా కదిలింది. మనవరాలి మీదికి మూతి చాచిన దొంగ తోక మరుక్షణం బొగ్గన్న పంజా కింద ఉంది. చూస్తే, నక్క!

"మామా, నువ్వా!"

"గూబ దగ్గరికి వెళ్ళావన్నమాట," నక్క నీలిగింది.

"నాది జబ్బని నీకు ముందే తెలుసా?"

"నీ గురక మీద బతికినవాణ్ణి, నాకు తెలీదా అల్లుడూ!"

పట్టు విడిపించుకోబోయి సగం తోక వదిలేసి, కుయ్యోమంటూ కొండ దాటిందంతే, మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. మందంతా బొగ్గన్న చుట్టూ చిందులేసింది. పోచక్క మనవరాలు ఏకంగా అతని వీపెక్కి కూర్చుంది. ఆ వారమే ఎలుగుబంటి, అడవిపంది, ముసలి గాడిద గూబమ్మ తొర్ర ముందు వరుసకట్టి, నేను ముందంటే నేను ముందని తోసుకున్నాయి.

నీతి: నీ గురకను గొప్పనేవాడు నీ మేలు కోరడు, పరీక్షకు పొమ్మనేవాడే నీవాడు.